ఎండలో పెట్టిన డీజిల్ డ్రమ్ము

గుత్తి గ్రంథాలయంలో వ్యవసాయం పుస్తకాలు కిటికీ పక్క బీరువాలో, కింది అరలో ఉంటాయి. నేను పదో తరగతితో బడి మానేసిన మనిషిని. ఆ తర్వాత చదివిందంతా ఆ బీరువా ముందు నేల మీద కూర్చుని చదివిందే. బోరు మోటార్లు, తేనెటీగలు, నేలల రకాలు, గుండె జబ్బులు, ఏదీ వదల్లేదు. ఆ చదువంటే నాకు ఇప్పటికీ గర్వమే. ఒక కార్తీక మాసంలో ఆ గర్వమే మా చిన్నమ్మ పంటకు ఎసరు పెట్టింది. పంటను నిలబెట్టింది ఒక మేస్త్రి. ఆయన కోసమే ఇది రాస్తున్నాను.

చిన్నాయన పోయినప్పటి నుంచి చిన్నమ్మ తన సేద్యం తనే చూసుకుంటోంది. ఆ ఏడు ఎర్రనేలలో వేసిన వేరుశెనక్కాయ ఎండిపోయి పశువుల మేతకు తప్ప పనికిరాలేదు. ఇక మిగిలింది నాలుగెకరాల నల్లరేగడి. అందులో పప్పుశనగ వేయాలంటే ఒక్క మంచి వాన పడాలి. కార్తీకం చివర్లో తుపాను పట్టి రెండు రోజులు పడింది. నల్లరేగడిలో వాన వెలిశాక నాలుగో నాటికి పైన మన్ను కాలికి అంటుకోదు, లోపల తడి ఉంటుంది. దాన్నే పదును అంటాం. ఆ పదును నాలుగైదు రోజులే. ఉత్తరపు గాలి తోలితే అదీ ఉండదు. చిన్నమ్మ విత్తనాలకు మందు కూడా పట్టించి పెట్టుకుంది. మందు పట్టించిన విత్తనం ఇక భూమిలోకి పోవాల్సిందే, తినడానికీ అమ్మడానికీ పనికిరాదు. విత్తే ట్రాక్టరు మాది.

ఆ వానకు పది రోజుల ముందు నేను చేసిన పని చెప్పాలి. బంకు దూరం కాబట్టి మేము ఒక డ్రమ్ము డీజిల్ తెచ్చి షెడ్డులో నిలబెట్టుకుంటాం. గ్రంథాలయంలో ఒక పాత ట్రాక్టరు పుస్తకంలో చదివాను, చలికి డీజిల్‌లో మైనం పేరుకుంటుందని, అది ఫిల్టరుకు అడ్డం పడుతుందని, డీజిల్‌ను వెచ్చగా ఉంచాలని. తెల్లవారుజామున మా ఊళ్లో అప్పుడప్పుడే చలి మొదలైంది. ఇంకేం, డ్రమ్మును షెడ్డులోంచి దొర్లించి వాకిట్లో ఎండ తగిలే చోట నిలబెట్టాను.

"డీజిల్‌కు చలేంది రా? దుప్పటి కూడా కప్పుదామా?" అన్నాడు నాయన.

"చదివినదే చెప్తాండా నాయనా" అన్నాను. చదివిన మాట అనేసరికి నాయన తన పనికి పోయాడు.

పదును వచ్చిన మొదటి రోజు పొద్దున నాయన డ్రమ్ములోంచి డీజిల్ పోసుకుని, ట్రాక్టరుకు విత్తే గొర్రు తగిలించి చిన్నమ్మ చేనికి పోయాడు. రెండు సాళ్లు పోయిందో లేదో ఇంజను గుడగుడమని ఆగిపోయింది. మళ్లీ తిప్పితే పలికి, నాలుగు బారలు పోయి మళ్లీ ఆగింది. నాయన బంకువాళ్లను తిట్టడం మొదలుపెట్టాడు, కల్తీ పోసినారని. నేను మాత్రం లోలోపల సంబరపడ్డాను. నా పుస్తకంలో జబ్బు మా ఊరికి వచ్చింది!

"మైనం కట్టింది. ఫిల్టరు మీద వేన్నీళ్లు పోయాల" అన్నాను.

చేను ఇంటికి దగ్గరే. చిన్నమ్మ బిందెతో వేన్నీళ్లు తెచ్చింది. నేను ఫిల్టరు మీదా పైపుల మీదా మెల్లగా పోస్తుంటే నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఏమప్పా, ట్రాక్టరుకు తలంటు పోస్తాండావా? కుంకుడుకాయలు తెద్దునా?"

నీళ్లు పోశాక ఇంజను ఒకసారి పలికింది. నేను గెలిచినట్టు నాయన వైపు చూశాను. సగం సాలు కూడా కాకుండానే ఆగింది. ఆ పూటంతా అట్లే గడిచింది. మధ్యాహ్నానికి గాలి లేచింది. చిన్నమ్మ వేళ్లతో మన్ను గీకి, ఇంత తీసి పిడికిట్లో నొక్కి చూసుకుంటోంది. అప్పుడు ఆమె ఎవరినీ ఎగతాళి చేయలేదు.

నాయన కబురు పెడితే, మరుసటి రోజు పొద్దున్నే వజ్రకరూరు రోడ్డులో రిపేరు షెడ్డు పెట్టుకున్న మేస్త్రి బండి మీద వచ్చాడు. అరవై దాటినాయన, వేలిముద్ర మనిషి. నేను ఆయన దగ్గరకు పోయి మైనం సంగతి మొదలుపెడితే అడ్డం రాకుండా చివరిదాకా విన్నాడు. తర్వాత పానా తీయలేదు, ఇంజను ముట్టలేదు. అడగడం మొదలుపెట్టాడు. ఎప్పటి నుంచి? ఆగే ముందు గొంతు ఎట్లా మారింది? పొగ ఏ రంగు? ఆఖరున డీజిల్ పోసింది ఎప్పుడు? అంత ఓపికగా అడిగిన డాక్టరును కూడా నేను చూడలేదు.

అప్పుడు ఒక ఖాళీ గాజు సీసా తీసి, ఫిల్టరు కింది నట్టు వదులు చేసి, కారిందాన్ని అందులో పట్టాడు. సీసాను గట్టు మీద పెట్టి పక్కన కూర్చున్నాడు.

"పని చేయవా?" అన్నాడు నాయన.

"చేస్తాండా కదన్నా."

కొంచెం సేపటికి సీసాను ఎండకు ఎత్తి చూపించాడు. పైన డీజిల్, అడుగున రెండు వేళ్ల మందాన వేరే రంగు. మధ్యలో గీసినట్టు ఒక గీత.

"నీళ్లు" అన్నాడు.

నాయన నమ్మలేదు. "మా బోరులోనే నీళ్లు లేవు, డీజిల్‌లోకి యాడ నుంచి వస్తాయప్పా?"

నిజంగా అదే మా తప్పు. ఎన్ని రకాలుగా ఆలోచించినా, మా కరువు నేలలో నీళ్లు ఎక్కువై చెడిపోయే వస్తువు ఒకటి ఉంటుందని ఎవరికీ తోచదు.

మేస్త్రి డ్రమ్ము చూపించమన్నాడు. ఇంటికి పోయాం. డ్రమ్ము మూత అంచు కంటే కొంచెం లోపలికి ఉంటుంది. దాని మీద నీళ్లు నిలిచి ఎండిన మట్టి గీత కనిపించింది. వేలితో ఆ గీతను తడిమి, ఆ మూతకుండే బిరడా విప్పి చూశాడు. వాషరు అరిగిపోయి ఉంది.

"పగలు ఎండకు డ్రమ్ము కాగి లోపలి గాలి బయటికి పోతుంది. పొద్దు గూకినాక చల్లబడి మళ్లీ పీల్చుకుంటాది. మూత మీద వాననీళ్లు ఉంటే, వాటినే పీలుస్తాది" అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "దీన్ని బయట పెట్టింది ఎవరు?"

"నేనే" అన్నాను. "పుస్తకంలో చూసి."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఆ పుస్తకం మళ్లీ దొరికితే నాకు చదివి వినిపించప్పా" అన్నాడు.

ఇక ఆయన చేతులు చూడాలి. ట్యాంకు అడుగు నట్టు తీసి నీళ్లు పోయేదాకా కారనిచ్చాడు, ఫిల్టరు మార్చాడు, పక్క చేనివాళ్ల దగ్గర క్యానెడు మంచి డీజిల్ అడిగి గుడ్డలో వడకట్టి పోశాడు. లైనులో చేరిన గాలి తీయడానికి నన్ను ఇంజను పక్కనుండే చిన్న చేతిపంపు కొట్టమని, తను నట్టు దగ్గర వేలు పెట్టి కూర్చున్నాడు. మొదట నురగ వచ్చింది, తర్వాత బుడగలు, తర్వాత బుడగ లేని సన్నటి ధార. కళ్లతో కాదు, వేలికి తగిలే చల్లదనంతో ఆయనకు తెలుస్తోంది. "చాలు" అని నట్టు బిగించాడు. ఇంజను పలికింది, ఇక ఆగలేదు.

డ్రమ్మును మళ్లీ షెడ్డులోకి దొర్లించి, ఒక పక్క కింద సగం ఇటుక పెట్టి వాల్చాడు. అట్లయితే బిరడా ఉన్న వైపు ఎత్తులో ఉంటుంది, అక్కడ చుక్క కూడా నిలవదు.

ఆ పొద్దుకు మూడెకరాలు విత్తాం. చివరి ఎకరం మర్నాడు. అప్పటికే గాలి దాని తడి సగం తాగేసింది. మూడెకరాల్లో మొలక ఒత్తుగా లేచింది. ఆ ఎకరంలో మాత్రం పలచగా, ఆలస్యంగా వచ్చింది. అటు వైపు పోయినప్పుడల్లా నా తల వంగేది.

గ్రంథాలయం నుంచి పుస్తకం తెచ్చి మేస్త్రి షెడ్డులో కూర్చుని చదివాను. అది రాత్రి బకెట్లో నీళ్లు పొద్దునకు గడ్డకట్టే ఊళ్ల గురించి రాసిన పుస్తకం. ఆ వాక్యం నేను ముందే చదివాను, కానీ ఆగలేదు. మా బకెట్లో నీళ్లు ఎన్నడైనా గడ్డకట్టాయా అని నన్ను నేను అడగలేదు. నాలుగు పేజీల తర్వాత ఒక బొమ్మ ఉంది. కింద కట్టె పెట్టి వాల్చిన డ్రమ్ము. అంతదాకా నేను చదవనే లేదు. మేస్త్రి ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

"ఇటుక బదులు కట్టె పెట్టినాడు" అన్నాడు. పుస్తకం మూసి, "అంత చలిలో చేతులు పని చేసేదెట్లప్పా? ఆ ఊళ్లల్లో మేస్త్రిలకు శానా కష్టం" అన్నాడు.

మాఘంలో కాయ పాలు పట్టగానే చిన్నమ్మ పచ్చి శనగ మొక్కలు పీకి, పెద్ద కట్ట కట్టి, మేస్త్రికి ఇచ్చి రమ్మని నా చేతికిచ్చింది. మూడెకరాల్లో పీకిన కట్ట అది. నేను బండి ఎక్కుతుంటే ఆ పలచటి ఎకరంలోకి పోయి చిన్న పిడికెడు పీక్కొచ్చింది.

"ఇది నీ పుస్తకానికి" అంది.