లోపలి కొలత

ముందే ప్రమాణం చేసి చెబుతున్నాను... ఇది జరిగింది. నాకే జరిగింది. రోజంతా స్కేలు పట్టుకొని బతికేదాన్ని, ప్రమాణాల దగ్గర అబద్ధమాడితే నా దుకాణం నడుస్తుందా? నవ్వుకుంటే నవ్వుకోండి. లైటు మాత్రం ఆర్పకండి. తలచుకుంటే ఇప్పటికీ చేతుల మీద రోమాలు లేస్తాయి. ఇదిగో... చూడండి, లేచాయి.

చంద్రపూర్‌లో మాది చిన్న దుకాణం. ఫోటోలు, జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు. ఇంటి ముందు గది దుకాణం, వెనక గది సంసారం. మధ్యలో ఒక పరదా. పరదా అవతల మా అత్త. ఫోటోలకు సొగసులు దిద్దే పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లు నాకు రావు. కంప్యూటర్‌తో పాటు ఊరికే వచ్చిన పెయింటు ప్రోగ్రాము, ఒక స్టీలు స్కేలు, ఒక కత్తెర... ఇంతే నా సైన్యం. కానీ ఏ సైజు అడిగితే ఆ సైజు, గీత తేడా లేకుండా ఇస్తాను. నా మాటకు కొలత లేదని అత్త అంటుంది గానీ, నా ఫోటోకు ఉంది.

శ్రావణమాసం. పొద్దుటి నుంచీ ఒకటే వాన. చీకటి పడింది, ఇంక ఎవరొస్తారులే అని షట్టరు సగం దించాను. ఆ సగం షట్టరు కింద... రెండు తడి కాళ్లు.

కంగారు పడకండి. అవి మనిషివే. పాదాలు ముందుకే తిరిగి ఉన్నాయి, నేను ముందు అదే చూశాను.

"చెల్లె, జెర షట్టర్ లేపవా? రాజురా నుంచి వస్తున్న."

పేరు భూమన్న అన్నాడు. తెల్లారితే మేనకోడలు మౌనిక పెళ్లి. మౌనిక తండ్రి సత్తయ్య పోయి ఏడాది దాటింది.

"పోరి ఒక్కటే పట్టు వట్టింది చెల్లె. నాయిన ఫోటో అమ్మ పక్కన కుర్చీల ఉంటెనే పీటల మీద కూసుంటదట. లేకుంటే లేవనే లేవదట. ఫ్రేమ్ ఉన్నది. ఎప్పటిసంది ఇంట్ల ఖాళీగనే ఉన్నది. ఫోటోనే లేదు."

"ఫ్రేమ్ తెస్తే అయిపోవు గదన్నా?"

"తేనిస్తేనా? పసుపు రాసి, బొట్టు వెట్టి కుర్చీల కూసోవెట్టిండ్రు. బొట్టు వెట్టినంక లగ్గమయ్యేదాక కదపద్దని మా అక్క. గందుకే కొలత తెచ్చిన." అంగీ జేబులోంచి ప్లాస్టిక్ కవర్ తీశాడు. అందులో రెండు చీపురు పుల్లలు. "గిది నిలువు. గిది అడ్డం."

నాకు ఆశ్చర్యం కలగలేదు. మా వైపు తలుపు చెక్కయినా, దేవుడి పటమైనా చీపురు పుల్లతోనే కొలుస్తారు. టేపు అబద్ధమాడుతుందేమో గానీ పుల్ల ఆడదని నమ్మకం.

"ఒక్క మాట చెల్లె. వర్ధా నదిల నీళ్లు బ్రిడ్జి దాక లేస్తున్నయి. నేను దాటినంక రోడ్డు బంద్ వెడ్తరు. మల్ల వచ్చుడు కాదు. ఒక్కసారికే సరిగ్గ రావాలె."

ఫోటో నా ఫోన్‌కు పంపి, అందులో బావ ఎవరో వేలితో చూపించి, బజారులో పూలు దొరుకుతాయేమో చూసి వస్తానని వెళ్లాడు. వెళుతూ షట్టరు మళ్లీ సగం దించాడు. మర్యాదస్తుడు.

పుల్లల్ని స్కేలుకు ఆనించాను. నిలువు తొమ్మిది అంగుళాలు. అడ్డం ఏడు. ఫోటో ఏదో విందులోది. పదిమంది మధ్య సత్తయ్య. భుజాన తువ్వాలు, ముఖం నిండా నవ్వు. పెయింటులో ఆయన ఒక్కడినే వేరు చేశాను. ఎడమ పక్క వాళ్ల మోచెయ్యి, కుడి పక్క వాళ్ల జడ తుడిచేశాను. సైజు మార్చేటప్పుడు నిలువు, అడ్డం కలిపి కట్టేసే గుర్తు ఒకటి ఉంటుంది. అది పెట్టకపోతే మనిషిని ఒకవైపు లాగితే తాటిచెట్టు, ఇంకోవైపు లాగితే తాటిముంజ. అది పెట్టాను. ప్రింటు దగ్గర 'కాగితానికి సర్దు' అన్నది తీసేసి, 'ఉన్న సైజు' అన్నది పెట్టాను. కొత్తవాళ్లు తప్పేది అక్కడే. నేను తప్పను. అనుకున్నాను.

ముందు మామూలు కాగితం మీద తీశాను. కొలిచాను.

ఎనిమిది. ఆరు.

మళ్లీ కొలిచాను. ఎనిమిది... ఆరు. స్కేలు తిరగేసి కొలిచాను. తిరగేస్తే అంగుళాలు పెరుగుతాయా? ఆ వేళకు నా తెలివి కూడా ఎనిమిదికి ఆరే.

సెట్టింగులు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇంకో కాగితం తీశాను. అంతే వచ్చింది. అప్పుడు ఒకటి గమనించాను... ముఖం చిన్నది కాలేదు. బొమ్మ నలగలేదు. అంచులే పోయాయి. నాలుగు వైపులా అరంగుళం తెలుపు. ఎవరో కొలబద్ద ఆనించి, తీరిగ్గా, నిఖార్సుగా కోసినట్టు.

కంప్యూటరు, ప్రింటరు రెండూ ఆపి మళ్లీ వేశాను. ఫోటో కాగితం ఒక్కటే మిగిలి ఉంది. తక్కినవి చెమ్మకు అప్పడాలై ఉన్నాయి. దేవుడా అనుకొని ఆ ఒక్కటీ పెట్టాను.

కర్‌ర్... కర్‌ర్... టక్.

జుట్టు వచ్చింది. కర్‌ర్... నుదురు. కర్‌ర్... కనుబొమలు. కళ్లు...

కరెంటు పోయింది.

కరెంటు తయారు చేసే పెద్ద ప్లాంటు మా దగ్గరే ఉంది, కరెంటుకు మా ఊరు పుట్టిల్లు. కానీ పుట్టింట్లో నిలవదు, తెలిసిందే. ఫోన్ టార్చి వేశాను. ప్రింటరు నోట్లోంచి కాగితం సగం బయటికి వేలాడుతోంది. కళ్ల దాకా వచ్చి ఆగింది. ఆ ఫోటోలో ఆయన నవ్వుతున్నాడని నాకు తెలుసు. కానీ నవ్వు ఇంకా లోపలే ఉంది. బయట ఉన్నవి కళ్లు మాత్రమే. నవ్వు లేని ఉత్త కళ్లు... నావైపే.

టార్చి పక్కకు తిప్పాను. చీకట్లో చూపులు ఇంకా ఎక్కువయ్యాయి. మళ్లీ ఇటే తిప్పాను.

టక్...

వాన చుక్క అనుకున్నాను.

టక్... టక్...

వానకు తొందరెక్కువ. ఇది తొందర లేని చప్పుడు. ఒక దెబ్బ వేసి, కుదిరిందా లేదా అని చూసి, మళ్లీ ఇంకో దెబ్బ వేసినట్టు. ప్రింటరు వైపు నుంచే. దాంతో పాటు ఒక వాసన... సిరా వాసన కాదు, వాన వాసన కాదు. పచ్చిగా, వెచ్చగా...

"గిరిజా," పరదా వెనక నుంచి అత్త. "గీ వానల ఎవలే కట్టె కోస్తుండ్రు?"

"ఎవలు లేరత్తా."

"మరి రంపపు పొట్టు వాసన ఏందే?"

అవును. రంపపు పొట్టు. పేరు చెప్పేసరికి వాసన ఇంకా దగ్గరికి వచ్చింది. నేను కదల్లేదు. ఊపిరి తీస్తే ఆ పొట్టు ముక్కులోకి వస్తుందేమో అన్నంత...

కరెంటు వచ్చింది.

కంప్యూటరు నేను వెయ్యలేదు. స్క్రీను నల్లగానే ఉంది. కానీ కర్‌ర్... కర్‌ర్... ముక్కు వచ్చింది. మీసం వచ్చింది. ఆఖరికి నవ్వు వచ్చింది. కాగితం మెల్లగా జారి పళ్లెంలో పడింది. చప్పుడు ఆగింది. వాసన కూడా... ఎవరో తలుపు వేసుకొని వెళ్లినట్టు... పోయింది.

పళ్లెంలోంచి తీసి కొలిచాను. ఎనిమిది. ఆరు.

భూమన్న పూలతో వచ్చాడు. ఫోటో చేతిలో పెట్టి, తలవంచుకొని చెప్పాను. "అన్నా, నీ పుల్లకు అంగుళం తక్కువచ్చింది. ఎంత చేసినా ఇట్లనే వస్తుంది. మంచి కాగితం ఇంకోటి లేదు."

ఆయన ముఖం వాడిపోయింది. వాన వైపు చూశాడు. ఫోటో వైపు చూశాడు. "బావ మంచిగ నవ్వుతుండు గదా... చుట్టూ అట్ట వెట్టి సర్దుత తియ్యి చెల్లె." నన్ను ఓదార్చడానికి అన్నాడని గొంతే చెప్పింది. ఫోటోను పూల కవర్లో భద్రంగా పెట్టుకొని, వానలో కలిసిపోయాడు.

నాకు నిద్ర పట్టలేదు. కళ్లు మూస్తే ఫ్రేములో నాలుగు వైపులా సందులు. ఆ సందుల్లోంచి చూస్తూ, పీటల మీదికి రానని మొరాయించే పెళ్లికూతురు.

తెల్లారాక ఫోన్ మోగింది. అవతల డప్పుల చప్పుడు.

"అక్కా, నేను మౌనికను. ఫోటో ఇచ్చినవు గదా..."

"చిన్నగయ్యిందా చెల్లె? నేను..."

"చిన్నగేంది? పోసినట్టు కూసున్నది. అట్ట లేదు, ఏం లేదు." నవ్వుతోంది, ఏడుస్తోంది, రెండూ కలిపి. "మామయ్య ఫ్రేమ్ బయటి అంచులు కొలిచి తెచ్చిండట. లోపట ఎనిమిది, ఆరేనట. ఇంట్ల అందరు మామను ఆడుకుంటుండ్రు. అయితే అక్కా... కొలత తప్పని నీకెట్ల తెలిసింది?"

ఏదో ఒకటి అడగాలని అడిగాను. "ఫ్రేమ్ ఎక్కడ కొన్నరు చెల్లె?"

"కొనలేదక్కా. నాయిన చేసిండు. వడ్రంగి గదా మా నాయిన. నా లగ్గం ఫోటో పెడ్తనని నేను చిన్నగున్నప్పుడే టేకుతోటి చేసి పెట్టిండు." వెనక నుంచి ఎవరో పిలిచారు. "వస్తున్నమ్మా... పీటల మీదికి రమ్మంటుండ్రక్కా. నాయిన పక్కకే ఉన్నడు. పోతున్న."

ఫోన్ పెట్టేసి, పుల్లల్ని మళ్లీ స్కేలుకు ఆనించి చూశాను.

ప్రింటరు బాగుచేసే కుర్రాడిని పిలిచాను. "వహినీ, మార్జిన్ ప్రాబ్లెం," అన్నాడు, మరాఠీలో నన్ను వదినను చేసి. ఆగిపోయిన ప్రింటు దాని మెమొరీలో ఉండిపోతుందట, కరెంటు రాగానే మళ్లీ మొదలవుతుందట. కావచ్చు. ఆ రాత్రి టేకు లారీ ఏదైనా మా వీధిలో ఆగి ఉండొచ్చు. కావచ్చు. కానీ అతని ముందే అదే ఫైలు, అవే సెట్టింగులతో మళ్లీ ప్రింటు తీశాను. తొమ్మిది, ఏడు. గీత తేడా లేదు. మొదట తీసిన రెండు మామూలు కాగితాలూ పక్కనే పెట్టి చూపించాను. ఎనిమిది, ఆరు. కుర్రాడు తల గోక్కొని, టీ తాగి వెళ్లిపోయాడు. అత్తను అడిగితే, "పొట్టు వాసనా? నేనెప్పుడన్న?" అంది. అని దేవుడి దగ్గర ఇంకో వత్తి వేసి వచ్చింది.

ఆ రెండు పుల్లలు ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి. పారేయాలంటే చెయ్యి రాదు. ఇప్పుడు ఎవరు ఏ ఫ్రేము కొలత తెచ్చినా ముందు అడిగేది ఒక్కటే... "లోపలిదా, బయటిదా?" అడిగి, ఓసారి ప్రింటరు వైపు చూస్తాను. అది అవుననదు. కాదనదు. ఎప్పుడైనా, వాన పట్టిన రోజున... టక్ అంటుంది. అంతే.