వనజమ్మ తిట్ల పుస్తకం

వనజమ్మ పదివేల తిట్లు తిన్నది. అన్నీ అడిగి మరీ తిన్నది. బాగేపల్లి నుంచి చింతామణి దాకా ఆమెను తిట్టని ఆడమనిషి ఉందంటే, ఆ రోజు ఆ మనిషి ఊర్లో లేదన్నమాట.

పీయూసీ మధ్యలో వదిలేసినా, మా సేవాసంస్థలో నేను గురువుని. పట్టుపురుగులు మేపే ఆడవాళ్ళకు ట్యాబు వాడకం నేర్పేది నేనే. పురుగుకు రోగం తగిలితే వాళ్ళు ఫోటో పంపాలి, సంస్థ నిపుణుడు మందు చెప్పాలి. నూటఇరవై ఇళ్ళకు ట్యాబులిచ్చాం. నా పాఠాలు విని గోడలు కూడా నేర్చుకున్నాయి. ట్యాబులు మాత్రం బియ్యం డబ్బాల్లో పడుకున్నాయి. నెలాఖరుకు వాడకం కనబడకపోతే పథకం మూసేస్తామంది బెంగళూరు ఆఫీసు. అప్పుడు మా సంస్థలో కొత్తగా ఉద్యోగానికి వచ్చింది వనజమ్మ, మమ్మల్ని గట్టెక్కించడానికి.

మళ్ళీ పాఠం చెబుతుందనుకున్నాను. దిబ్బూరహళ్ళిలో కెంపమ్మ వాకిట్లో కూర్చుని, పుస్తకం తెరిచి, "తిట్టమ్మా" అంది.

కెంపమ్మ బిత్తరపోయింది. "ఎవుర్ని?"

"ఈ ట్యాబును. ఇచ్చినోళ్ళను. మొగమాటం వద్దు."

"బాగానే ఉండాది లేమ్మా."

"బాగుంటే బియ్యంలో ఎందుకు పెట్టినావు?"

కెంపమ్మ కొంగు దోపింది. "దీని నోట్లో మన్ను బడ. నేను పురుగులకు ఆకేసేది తెల్లారి అయిదింటికి. తెరిస్తే ఓటీపీ అంటాది. అది పొయ్యేది మా ఇంటాయప్ప ఫోనుకు. ఆయప్ప ఉండేది పేరేసంద్ర గ్యారేజీలో. ఆయప్ప లేచి చెప్పేలోపల ఇది మూసుకుంటాది. పురుగులు సచ్చినంక పంపేదా ఫోటో?"

వనజమ్మ రాసుకుంటూ అడిగింది. "ఎర్రమన్నా, నల్లమన్నా?"

"ఇదేం పని వనజమ్మా?" అన్నాను జీపెక్కాక.

"చింతామణిలో మాది బట్టలంగడప్పా. చీర బాగలేదని తిట్టినామె మళ్ళా వస్తాది. బాగుండాదని నవ్వి పొయినామె రాదు."

అలా అరవై ఊళ్ళు తిరిగాం. దారిలో అలుపు తీరడానికి నేనూ ఒకటీ అరా వదిలేవాణ్ణి. అవీ రాసుకునేది.

నెలాఖరుకు బెంగళూరు నుంచి పురుషోత్తమ్ అనే పెద్ద ఆఫీసరు దిగాడు. ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి, "వీళ్ళకు రాదు, మూసేద్దాం" అన్నాడు.

వనజమ్మ లేచింది. "వాళ్ళకు వస్తాది సార్. మీరు చేసిందే వాళ్ళకు పనికిరాదు. ఓటీపీ ఆడోళ్ళ ఫోన్లకు మార్చండి, నెల టైమియ్యండి. అప్పుడూ వాడకపోతే నన్ను ఇంటికి పంపండి." పుస్తకం ఆయన ముందు పడేసింది.

ఆయన చదువుతూ చదువుతూ ఒకచోట ఆగాడు. మొహం ఎర్రబడింది. "నన్ను ఏసీ గదిలో మేసే దున్నపోతన్నది ఎవరు? వాళ్ళ సంగతి ఇప్పుడే తేలుస్తాను."

ఎవరో నోటిదురుసు మనిషి. నాకేం తెలుసు, నేను సీలింగు చూస్తున్నాను.

"పక్కనే పేరుంది కద సార్."

ప్రతి తిట్టు పక్కనా ఒకటే పేరు. వనజ, వనజ, వనజ. ఆయన పేజీలు తిరగేసి తిరగేసి, ఆఖరికి ఫోను తీసి ఓటీపీ మార్చమన్నాడు.

నెల తిరిగేసరికి తొంభై ఇళ్ళ నుంచి ఫోటోలు. కెంపమ్మ ఇప్పుడు మందు ఆలస్యంగా చెప్పాడని నిపుణుణ్ణే తిడుతోంది.

ఇదంతా రాసి వనజమ్మకు వినిపించాను. మొత్తం విని, కళ్ళద్దాలు తుడుచుకుంటూ అంది:

"పదివేలు యాడివప్పా. నూటనలభై మూడు. అందులో ముప్పైఒకటి నీవి, దున్నపోతుతో కలిపి."