మా అన్న ఎంచి ఇచ్చిన బోర్డు

మొన్న ఆదివారం పొద్దున కరీంనగర్‌లో మా ఇంటి వరండాలో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చున్నదాన్ని, ఫోన్ మోగితే ఎడమచేత్తో అందుకుని చూశాను. మా అన్న కూతురు పంపిన వాయిస్ మెసేజ్. ఆ పిల్ల చెన్నైలో ఉద్యోగం చేస్తుంది. మనం పాపాలు కడుక్కోవడానికి పోయే రామేశ్వరానికి తను సెలవు దొరికినప్పుడల్లా గాలి కోసం పోతుంది. నడుముకు ఇంత పెద్ద పతంగి తగిలించుకుని, కాళ్ల కింద బోర్డు పెట్టుకుని, గాలి లాక్కుపోతుంటే సముద్రం మీద జారే ఆట అది. ఇన్నాళ్లూ అద్దె బోర్డు మీద, కాళ్లకు పట్టీలు బిగించుకుని నేర్చుకుంది. ఇప్పుడు పట్టీలు లేనిది సొంతంగా కొనుక్కోవాలట. చిన్న అలల మీద తిరగడానికి, గాల్లోకి ఎగిరి గమ్మత్తులు చేయడానికి ఎటువంటిది మంచిదో వాళ్ల నాన్నను అడిగిందట. ఆయన చెప్పిన జవాబును నాకు పంపి, సరిగ్గా చెప్పాడో లేదో చూడు అత్తా, నువ్వు కూడా డాడీతోపాటు దుబాయిలో ఆ బోర్డుల దుకాణంలో పనిచేసినవు కదా, అని కింద రాసింది.

మిరపకాయలు పక్కకు పెట్టి విన్నాను. మా అన్న గొంతు, వెనక రంపపు మిషను చప్పుడు.

"జర మంచిగ ఇను బిడ్డా. పొడుగుది తీసుకోకు, నీ నెత్తి దాటొద్దు. ఎడల్పుగుండాలె, ముక్కు మొండిగుండాలె. నేల మీద పెడితె పీట లెక్క సాపుగ కూసోవాలె. తేలికగుండాలె, నువ్వు ఎగిరినప్పుడు గాలే దాన్ని నీ కాళ్లకు ఒత్తి పడుతది. సన్నతోకది, ముక్కు పైకి లేసింది ఇస్తమంటె అస్సలు వద్దను. అది తాడిచెట్టంత అలలకు. చిన్న అలల్ల అది నీళ్లు తాగుతది, నిన్ను నిలవనియ్యది."

మూడుసార్లు విన్నాను. ఒక్క ముక్క తప్పు లేదు. అదే నా కడుపుమంట. ఆయన తన బిడ్డకు అస్సలు వద్దన్న బోర్డు ఉంది చూశారూ, పొడుగుది, సన్నతోకది, ముక్కు లేచింది, పదిహేనేళ్ల కింద నాకు తన చేత్తో ఎంచి ఇచ్చింది సరిగ్గా అదే.

మా జిల్లాల్లో గల్ఫ్ దేశాలన్నిటికీ కలిపి దుబాయి అని ఒకటే పేరు. లక్సెట్టిపేటలో తలుపులు, దర్వాజలు చేసే ఇల్లు మాది. మా అన్న దుబాయి పోయింది కూడా వడ్రంగం పనికే. పోయాక అనుకోకుండా, సముద్రపు ఒడ్డున ఈ పతంగులూ బోర్డులూ అమ్మే ఒక దుకాణంలో విరిగినవి బాగుచేసే పనిలో కుదిరాడు. నేను డిగ్రీ చదివి, ఊళ్లో ఒక చిన్న బడిలో చెబుతూ, వచ్చిన సంబంధాలను ఒక్కొక్కటే నా నోటితో తరిమేస్తూ ఉన్న రోజులవి. ముప్పై దాటింది. ఆ దుకాణంలో కౌంటరు దగ్గర ఇంగ్లీషు, హిందీ మాట్లాడగలిగిన ఆడమనిషి కావాల్సివస్తే అన్న నన్ను పిలిపించాడు. బాపు వద్దన్నాడు, నేను వాదించాను, బాపు ఓడిపోయాడు. మా ఇంట్లో ఏ వాదనైనా అట్లాగే ముగిసేది. అక్కడా అంతే. కొన్న పతంగి మార్చి ఇవ్వమని కొట్లాటకు వచ్చిన ఒక పెద్దమనిషి అరగంట నాతో మాట్లాడి, చివరికి రెండోది కూడా కొనుక్కుని పోయాడు.

మాటల పని నాది, బోర్డుల పని అన్నది. ఆయన చదివింది ఏడో తరగతే అయినా, ఎవరికి ఏ బోర్డు నప్పుతుందో చెప్పడంలో యజమానురాలు కూడా ఆయన మాటే వినేది. బరువు ఎంతని అడిగితే మనుషులు నిజం చెప్పరని, వచ్చినవాళ్లను చెప్పులు విడిచి దుకాణం ముందున్న ఇసుకలో నాలుగడుగులు వేయమనేవాడు. ఆ అడుగు లోతు చూసేవాడు, మడమ మీద బరువు వేస్తున్నారా వేళ్ల మీదనా చూసేవాడు, లోపలికి పోయి ఒక బోర్డు తెచ్చి ముందర పెట్టేవాడు. ఖరీదైనది కావాలని వాళ్లు మొండికేస్తే అమ్మేవాడు కాదు. తప్పు బోర్డు ఇస్తే మనిషి తన మీద తను నమ్మకం పోగొట్టుకుంటడు చెల్లె, అనేవాడు నాతో. ఈ మాట చెప్పిన నోటిని గుర్తుపెట్టుకోండి, నేను మరిచిపోలేకుండా ఉన్నాను.

నేను కూడా మొదటి చలికాలంలోనే పట్టీల బోర్డు మీద నేర్చుకున్నాను. ఎవరూ నేర్పుతామని ముందుకు రాలేదు, నేనే అడిగి, సతాయించి నేర్చుకున్నాను. నిండుచేతుల చొక్కా, కాళ్లకు నిండుగా పంట్లాము, నెత్తికి గుడ్డ. గోదావరి ఒడ్డున పుట్టి కూడా మోకాలి లోతు దాటి దిగనివ్వని ఇంట్లో పెరిగిన నాకు, నీళ్ల మీద నిలబడి గాలికి ఎదురుపోవడమంటే ఏమిటో ఇప్పుడు చెప్పమన్నా చెప్పలేను. ఒడ్డుకు వచ్చాక కూడా చాలాసేపు కాళ్లు నేలను నమ్మేవి కావు.

అది చూసే యజమానురాలు ఒకరోజు పిలిచి చెప్పింది. ఆడవాళ్లు నేర్చుకోవడానికి చాలామంది వస్తున్నారు, వాళ్లకు ఆడమనిషే నేర్పాలి. పట్టీలు లేని బోర్డు మీద దూరంగా నీళ్ల మీద గుర్తుకోసం తేలేసిన ఎర్ర బుడ్డి దాకా పోయి తిరిగివస్తూ ఒక్కసారి ఎగిరి చూపించు, వచ్చే చలికాలం చివరికి చూపించినా చాలు, ఆ తరగతి నీదే అని. అంటే కౌంటరు వెనక కూర్చుని ఇతరుల సంతోషానికి రసీదులు రాసే పని తప్పుతుంది. అన్న నీడన కాకుండా నా పేరుతో నా గది, నా పని. మన ఈడు ఆడవాళ్లకు ఇంతకంటే విప్పి చెప్పనక్కర లేదనుకుంటా.

ఆ సాయంత్రమే అన్నను అడిగాను, నాకు ఒక బోర్డు ఎంచి ఇవ్వమని. చేతికంటిన జిగురును గుడ్డకు తుడుచుకున్నాడు. తర్వాత సరే అన్నాడు. వారం రోజులు దుకాణం మూసినాక వెనక షెడ్డులో కూర్చుని, ఎవరో వదిలేసిపోయిన పాత బోర్డును అతుకులేసి, నున్నగా రుద్ది, రంగు వేశాడు. అచ్చం మోదుగుపువ్వు రంగు. మన ఆదిలాబాదు అడవి రంగు వేసినవా అన్నా, అంటే నవ్వాడు. నాకంటే జానెడు పొడుగు, సన్నగా, ముక్కు లేచి, చేపలా అందంగా ఉంది. ఇసుకలో నా అడుగులు చూడనేలేదు. నా అన్నకు నా బరువు చూడాలా ఏమిటి అని నేను అనుకున్నాను.

శుక్రవారం మాకు సెలవు. రెండు చలికాలాలలో ఎన్ని శుక్రవారాలుంటాయో అన్నీ పడ్డాను. పతంగి లాగుతుంటే లేచి నిలబడతాను, అంతలో బోర్డు ముక్కు పక్కకు తిరుగుతుంది, తోక మునుగుతుంది, నేను నీళ్లలో. అల చిన్నదైతే మునుగుతుంది, గాలి తగ్గితే మునుగుతుంది. ముక్కులో ఉప్పునీళ్లు, మోచేతుల మీద గీతలు. ఆ బోర్డును గది నుంచి ఒడ్డు దాకా నెత్తిమీద మోసుకొచ్చేది అన్నే. నేను బయటికి వచ్చేదాకా ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడేది అన్నే. మోకాళ్లు వంచు, బరువు ఎనకకెయ్యి, అని అరిచేది కూడా ఆయనే. రాత్రి నా భుజానికి జండూబామ్ రాసుకుంటుంటే, అందరికి అన్ని రావాల్నా చెల్లె, అని మెల్లగా అనేవాడు.

ఒక్కసారి అనుమానం వచ్చింది, రాలేదని కాదు. దుకాణంలో ఫిలిప్పీన్స్ అమ్మాయి ఒకతి ఉండేది, నాతోపాటే పట్టీలు లేని బోర్డు మొదలుపెట్టి నెల రోజుల్లో ఎగరడం నేర్చింది. తనది పొట్టిగా, వెడల్పుగా, మొండి ముక్కుతో ఉండేది. తనకు అట్లాంటిది, నాకు ఇట్లాంటిది ఎందుకు అని అన్నను నిలదీశాను. "అది బొద్దుగుంటది, దానికి ఎడల్పు కావాలె. నువ్వు సన్నగున్నవు, నీకు సన్నదే అచ్చొస్తది" అన్నాడు. లోకంలో అందరితో వాదించే నేను, సన్నగా ఉన్నావనేసరికి మురిసిపోయి ఊరుకున్నాను. ఈ సంగతి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

రెండో చలికాలం చివర యజమానురాలు వచ్చి చూసింది. ఎర్ర బుడ్డి సగం దూరంలో ఉండగానే మూడుసార్లు పడ్డాను. ఆవిడ భుజం తట్టి, మంచి మనసుతోనే, నువ్వు మాటల మనిషివి, కౌంటరే నీకు బాగుంటుంది అంది. తరగతి ఆ ఫిలిప్పీన్స్ అమ్మాయికి పోయింది. ఆరు నెలలకు నేను మూట కట్టుకుని వచ్చేశాను. బాపు వేములవాడ సంబంధం ఒకటి చూసిపెట్టాడు. ఈసారి నేను వాదించలేదు. మా ఆయన మంచివాడే, ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఆ రోజు నుంచి ఈ ఆదివారం దాకా నీళ్ల మాట ఎవరు ఎత్తినా నేను చెప్పిన జవాబు ఒకటే: నాకు రాలే. మళ్లీ టీచరు పనిలో చేరి, బడి పిల్లలను మానేరు డ్యాముకు తీసుకుపోయినప్పుడు పడవ కూడా ఎక్కలేదు. రాదు అని ఒకసారి ఒప్పుకున్న మనిషి ఎంత దూరం వెనక్కి జరుగుతుందో మీకు తెలుసు కదా. నేను కారు నేర్చుకోలేదు, ప్రమోషన్ పరీక్ష రాయలేదు, నోరొక్కటే మిగుల్చుకున్నాను.

మెసేజ్ విన్న మర్నాడే బస్సెక్కి రాయపట్నం వంతెన దాటి లక్సెట్టిపేట పోయాను. అన్న ఇంటి ముందు షెడ్డులో దర్వాజకు చిత్రిక పడుతున్నాడు. చెప్పులు విడవకుండానే ఫోన్ తీసి ఆయన గొంతు ఆయనకే వినిపించాను. వదినె నీళ్ల చెంబుతో వచ్చి, "ఏందమ్మా, వచ్చుడుతోనే పంచాయితా, జర కూసోరాదు" అంది. అన్న మాత్రం చెయ్యి ఆపేశాడు. అబద్ధం ఆడతాడేమో, మరిచిపోయానంటాడేమో అని దారి పొడుగునా జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆయన ఒక్కటీ వాడనివ్వలేదు.

"ఎరుకుండే ఇచ్చిన" అన్నాడు. "నువ్వు సముద్రంల దిగుతున్నవని ఎవడో బాపుకు చెప్పిండు. ఫోన్ల ఏడ్సిండు బాపు. పిల్లను నీళ్లకియ్యకురా అన్నడు. మాటిచ్చిన."

"మరి నాకు వద్దని చెప్పకపోయినవ్?"

"నీతోని ఎవడు గెలుస్తడే? వద్దంటె మూడు దినాలల్ల నేర్చుకుందువు."

వదినె ముసిముసిగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "ఇసోంటి బోర్డు ఇస్తె మనిషికి తన మీద నమ్మకం పోతదని నాకు చెప్పింది ఎవరు? ఆ బోర్డు మీద నేను సస్తె?" అన్నాను.

"నేను ఒడ్డు మీదనే ఉంటి కదనే, దినాం" అన్నాడు.

"నీ బిడ్డకు మాత్రం సక్కటిది చెప్పినవ్."

"అది నన్నడగకున్నా పోతది. దాని ఒడ్డు మీద నేను లేను" అని, మళ్లీ చిత్రిక అందుకున్నాడు. చెక్క మీద గాటు పడింది. పాపం అనిపించిందని రాస్తే కథ బాగుంటుంది కానీ, అనిపించలేదు. వదినె వడ్డించిన అన్నం తిన్నాను, ఆమె మీద కోపం లేదు కనుక. అన్నతో మాట్లాడకుండానే సాయంత్రం బస్సుకు వచ్చేశాను.

బస్సు ధర్మపురి దాటుతుండగా మేనకోడలు ఫోన్ చేసింది. డాడీ చెప్పింది కరెక్టేనా అత్తా అంది. కరెక్టే, అట్లాంటిదే కొనుక్కో అన్నాను. "నువ్వెప్పుడన్నా ఎక్కినవా అత్తా, పట్టీలు లేనిది?" అని అడిగింది. నాకు రాలే అనే మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చింది. మింగేశాను.

"ఎక్కిన బిడ్డా. నాకిచ్చిన బోర్డు మంచిది కాదు."

"ఎవరిచ్చిన్రు?"

"మీ డాడీకి యాదికుంటది, అడుగు" అన్నాను.

అడిగిందో లేదో, ఆయన ఏమన్నాడో తెలియదు. ఆ పిల్లకు అర్థం కాదేమో కూడా. ఇప్పటి పిల్లలకు వద్దు అంటే వద్దనే వినబడుతుంది, దానికి వాళ్లు మూతి ముడుచుకుంటారు, తలుపు వేసుకుంటారు, పోయేది పోతారు. మన రోజుల్లో వద్దు అనే మాటకు ఎన్ని వేషాలుండేవి. నెత్తిన మోసుకొచ్చి మరీ ఇచ్చేవాళ్లు. మనం దండం పెట్టి తీసుకునేవాళ్లం, పడి, తప్పు మనదేననుకునేవాళ్లం. బాపుతో గెలిచాను, గిరాకీలతో గెలిచాను, హెడ్మాస్టర్లతో గెలిచాను. నాకు కావాల్సిన ఒక్క వాదనను మాత్రం నా ముందుకు రానీయకుండానే తేల్చేశారు. సరైన బోర్డు మీద నేను ఎర్ర బుడ్డి దాకా పోయేదాన్నో, దానిమీద కూడా పడేదాన్నో ఇక ఎవరూ చెప్పలేరు. నలభై ఆరేళ్లు వచ్చాయి, మోకాలు మెట్లెక్కేటప్పుడు పలుకుతుంది, ఈ వయసులో ఆ పని కాదు. అవుతుందని వాదించేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే రండి. ఈ ఒక్కదాంట్లో ఓడిపోవాలని ఉంది.