పైవాళ్ల పాటలో మా కాక

నా చిన్నప్పుడు బహ్రెయిన్‌లోని రిఫాలో మా ఇంటికి రెండు వారాలకోసారి, శుక్రవారం పూట ఒక కాక వచ్చేవాడు. సొంత బాబాయి కాదు, నాన్న ఊరివాడు. హమద్ టౌన్‌లో ఇళ్లు కట్టేచోట సిమెంటు బస్తాలు మోసే పని. లేబర్ క్యాంపు నుంచి బస్సులో వచ్చి, అమ్మ వండింది తిని, నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మా కారు పక్కన ఫోటో దిగేవాడు. ఆ ఫోటోలు ఊళ్లో వాళ్లమ్మకు వెళ్లేవి. కొడుకు దుబాయిలో కారు కొన్నాడని ఆమె ఇంటింటికీ చూపించుకునేదట. బహ్రెయిన్ అన్నా ఆమెకు దుబాయే. నిజం తెలిస్తే వాళ్లమ్మ నలుగురిలో తలెత్తుకోలేదని కాక భయం. ఎవరికీ చెప్పవద్దని మా అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు.

మా పై ఫ్లాట్‌లో ఐర్లండ్ దంపతులు ఉండేవాళ్లు. ఆయన గిటారు, ఆవిడ ఫిడేలు వాయిస్తూ ఇద్దరూ కలిసి పాడేవాళ్లు. వాళ్ల సీడీలు వాళ్ల దేశంలో అమ్ముడయ్యేవి. స్కూలు నుంచి రాగానే నేను పైకి పరిగెత్తేదాన్ని, ఆవిడ పెట్టే కేకు కోసమేనని ఒప్పుకుంటాను. పదేళ్లదాన్ని, ఇంగ్లీషు గడగడా వచ్చునని పొగరు కూడా ఉండేది. ఒకరోజు వాళ్లను నవ్విద్దామని కాక ఫోటోల సంగతి చెప్పేశాను. సోఫాను కారు చేసుకుని, దాని మీద చెయ్యి వేసి, ఛాతీ విరిచి నిలబడి చూపించాను. నేనొక్కదాన్నే నవ్వాను. ఆయన మాత్రం, వాళ్ల తాత కూడా ఓడెక్కి పరాయి దేశం పోయి, ఎవరిదో కోటు వేసుకుని దిగిన ఫోటో ఇంటికి పంపేవాడని చెప్పాడు. అది అప్పుడు నా బుర్రకెక్కలేదు.

కొన్ని నెలలకు వాళ్ల కొత్త పాట సీడీగా వచ్చింది. ఊరు విడిచి పోయినవాళ్ల మీద కట్టిన పాట. శుక్రవారం సాయంత్రం బిల్డింగులో వాళ్లందరినీ పిలిచి పాడారు. ఆ రోజు మా ఇంట్లోనే ఉన్న కాక కూడా మాతో పైకి వచ్చాడు. రెండో చరణంలో ఒక మనిషి ఇంకొకరి కారు పక్కన నిలబడ్డాడు, వాళ్లమ్మ ఆ ఫోటోను గోడకు తగిలించింది. నాన్న నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

కిందికి వస్తుంటే కాక మెట్ల మీద నన్ను ఆపి, పాట మంచిగుందని, అర్థమేమిటో చెప్పమని అడిగాడు. సముద్రం గురించి, పడవల గురించి అని అబద్ధమాడాను.

"కారు, ఫోటో, మదర్. గీ మూడు మాటలు నాకెర్కే బిడ్డా," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది. నేనే చెప్పానని ఒప్పుకున్నాను. పాటలో పేరు లేదని, ఇంగ్లీషు పాట ఊరిదాకా పోదని ఏదేదో సర్దిచెప్పబోయాను. కాక ఒక్కటే అడిగాడు.

"చెప్పినప్పుడు నవ్వినవా?"

తలూపాను.

"వాళ్లైతే పాడినప్పుడు నవ్వలే."

అంతే, నా తల నిమిరి లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూడా మా ఇంటికి వచ్చాడు, అన్నం తిన్నాడు, నాతో మామూలుగానే ఉన్నాడు. ఫోటో మాత్రం మళ్లీ అడగలేదు. నాన్న కెమెరా తీసినా వద్దన్నాడు. మరుసటి ఏడు వీసా అయిపోయి ఊరికి వెళ్లిపోయాడు. నేను క్షమించమని అడగనే లేదు.

ఇప్పుడు నా వయసు ఆనాటి కాక వయసును ఎప్పుడో దాటింది. ఎవరి కష్టమైనా నలుగురిలో చెప్పబోయే ముందు, నా మొహంలో నవ్వుందేమోనని తడుముకుంటాను. ఉందనిపిస్తే నోరు మూసుకుంటాను. అలా ఎన్నిసార్లు మూసుకున్నా, కాక ఊరు చేరేదాకా ఆ తల్లి కొడుకు ఫోటో కోసం పోస్టుమ్యాన్‌ను ఎన్ని మార్లు అడిగి ఉంటుందో అన్న ఆలోచన మాత్రం నన్ను వదలదు.