లారీ చక్రాల చేతికి ఒంటితీగ

మేడ్చల్ హైవే మీది టైర్ల షాపులో కుర్మయ్య ముప్పై ఏళ్లుగా లారీ చక్రాలు బిగిస్తున్నాడు. పానా మీద కాలు పెట్టి తొక్కి, నట్టు కుయ్యిమన్నాక కూడా మరో పట్టు పట్టందే వదలడు. అతను బిగించిన చక్రం ఇంతవరకూ దారిలో ఊడలేదు. అతను మూసిన పచ్చడి సీసా మూత కూడా ఇంతవరకూ ఎవరికీ ఊడి రాలేదు. ఇంట్లో నల్లా అతను బంద్ చేస్తే మళ్లీ తిప్పడానికి అతన్నే పిలవాలి. పొద్దున షాపుకు బయలుదేరుతుంటే భార్య తారాబాయి, "పొయ్యేముందు మూతలన్నీ తీసి పో" అంటుంది.

ఆ ఆదివారం మనవరాలు వర్ష, ఆమె స్నేహితురాలు ఆఫ్షీన్ అతన్ని కూర్చోబెట్టుకొని ఒంటితీగ వాయిద్యం చేస్తున్నారు. మర్నాడు పొద్దున బడిలో ఇద్దరిదీ పాట. వాయిద్యం కూడా మేమే చేసి తెస్తామని క్లాసందరి ముందూ టీచర్‌కు మాటిచ్చారు. ఒట్టి చేతులతో వెళ్తే ఏమవుతుందో వర్షకు తెలుసు. ఆ క్లాసులో నవ్వేవాళ్లు ఎక్కువ.

ఖాళీ పెయింటు డబ్బాకు వెదురు కర్ర బిగించారు. కర్ర పైకొసకు చెక్క బిరడా. దాన్ని తిప్పితే తీగ బిగుస్తుంది. తీగ కోసం పాత క్లచ్ వైరు విప్పితే తుప్పు పట్టని పోగులు మూడే దొరికాయి.

మొదటి పోగు కట్టి కుర్మయ్య బిరడా తిప్పాడు. మోగింది.

"మస్తున్నది తాతా, ఇగ ఆపు!" అంది వర్ష.

"లూజున్నది బిడ్డా," అని పళ్లు బిగించి ఇంకొంచెం తిప్పాడు. తీగ టప్పున తెగింది.

"పోగే మంచిది గాదు," అన్నాడు.

రెండోదీ మోగింది. రెండోదీ తెగింది.

"గిది లారీ గాదు తాతా," అంది ఆఫ్షీన్. "దీంట్ల సిమెంటు బస్తాలు ఎక్కిస్తమా?"

గడపలో బియ్యం ఏరుతున్న తారాబాయి నవ్వింది. "ముప్పై ఏండ్ల సంది నేను మొత్తుకుంటున్న. నీకు ఒక్క పూటల సమజైంది బిడ్డా."

మూడోది కట్టేసరికి వర్ష కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇగ గిదొక్కటే ఉన్నది తాతా."

కుర్మయ్య బిరడా మీద చెయ్యి వేశాడు. మళ్లీ తీసేశాడు. "నువ్వే తిప్పు," అని రెండు చేతులూ చంకల్లో పెట్టుకొని కూర్చున్నాడు.

వర్ష మెల్లగా తిప్పింది. తీగ బొంగురుగా మోగింది.

"ఇంకొంచెం..." అన్నాడు కుర్మయ్య.

"తాతా!" అన్నారిద్దరూ.

పాట ఎత్తుకున్నారు. పిల్లల గొంతులు పైన, తీగ ఎక్కడో కింద. ఆఫ్షీన్ బిరడా వైపు చూసింది. వర్ష తల అడ్డంగా ఊపింది. "తీగను ముట్టద్దు. పాటనే కిందికి దింపుదాం."

దింపారు. పాట తీగతో కలిసింది కానీ ఇద్దరికీ జలుబు చేసినట్టుంది.

"రేపు గిట్లనే పాడుతరా?" అంది తారాబాయి నవ్వాపుకుంటూ.

"గిట్లనే," అంది వర్ష.

కుర్మయ్య చంకల్లోంచి చేతులు తీయకుండానే రెండో చరణం అందుకున్నాడు. ఆ శ్రుతి అతని గొంతుకు సరిగ్గా సరిపోయింది.

ఆఫ్షీన్ కాసేపు విని, "తాతా, రేపు షాపుకు లీవు పెట్టు," అంది.