సూది ముందు కంచె

మా తాతయ్య కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. జేబుల నిండా నట్లే కాబట్టి వీధంతా ఆయన్ని నట్టు తాతయ్య అనేది. మనిషి కంటే ముందు చప్పుడు వచ్చేది.

ఒకసారి నానమ్మ చూపుడువేల్లో మిషను సూది దిగింది. తాతయ్య సూది ముందు తీగతో చిన్న కంచె బిగించాడు. మందం బట్టకు అడ్డమొస్తోందని నానమ్మ ఒకటే సణుగుడు. "స్ప్రింగు పెట్టు మహానుభావా, బట్ట మందానికి లేవాలి, వేలు వస్తే ఆగాలి," అని చివరికి ఆవిడే దారి చూపింది. అలాగే కుదిరింది.

నానమ్మ పోయిన చాలా రోజులకు తాతయ్య దానికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. కనిపెట్టినవాళ్లు ఇద్దరు, ఆవిడ పేరు ముందు.

"జన్మలో దాని పేరు ఎక్కడా అచ్చు కాలేదే. ఇక్కడైనా కావాలి," అన్నాడు నాతో. బతికుండగా ఆవిడను "ఏమే" అని తప్ప పిలవని మనిషి.

పేటెంటు ఆఫీసు నుంచి విచారణకు పిలిచారు. కంచె బాగా పనిచేస్తుందని చెప్పడానికి, ఎవరూ అడక్కుండానే, సంచులు కుట్టే ఎదురింటి అత్తను సాక్షిగా వెంటబెట్టుకున్నాడు. తోకలా నేనూ వెళ్లాను.

అధికారి నెమ్మదస్తుడు. వస్తువు పనికొచ్చేదై ఉండాలి, ఆ పని తెలిసినవాళ్లకు ఇట్టే తట్టేదిగా ఉండకూడదు, అన్నిటికంటే ముందు కొత్తదై ఉండాలి అని విడమరిచి చెప్పాడు. కొత్తదంటే, దరఖాస్తుకు ముందు లోకంలో ఎక్కడా బయటపడి ఉండకూడదట.

"ఇలాంటిది మా వెతుకులాటలో దొరకలేదు," అన్నాడు. తాతయ్య మొహం వెలిగిపోయింది.

అత్తకు ఉత్సాహం ఆగలేదు. "దీని సంగతి నన్నడగండి సార్. నా మిషనుకి ఏళ్ల క్రితమే బిగించాడు బాబాయ్. మా వీధిలో ఇది లేని మిషను ఏది? సంతలో కుట్టేవాళ్లకి కూడా ఉంది."

అధికారి రాయడం ఆపాడు. "దరఖాస్తుకు ముందే?"

"ఎంతో ముందు. అడిగినవాళ్లకల్లా విప్పి చూపించి మరీ నేర్పేవాడు."

"నిజమేనా పెద్దాయనా?"

కాదంటే సరిపోయేది. తాతయ్యకు అదొక్కటే చేతకాదు. "నిజమే బాబూ. వేళ్లు పోతుంటే దాచుకుంటామా?"

"మీరే చూపించినా అది బయటపడినట్టే. సర్కారు ప్రదర్శనల్లో చూపించినవాళ్లకైనా కొంత గడువే ఇస్తారు. మీది ఎప్పుడో దాటిపోయింది."

దారంతా అత్త సంబరంగా మాట్లాడుతూనే ఉంది. ఇంటి దగ్గర, తాతయ్య లోపలికి వెళ్లాక, ఆవిడ సాక్ష్యంతోనే పేటెంటు పోయిందని నేనే చెప్పాను. ఆవిడ మెట్టు మీదే కూలబడింది.

మర్నాడు పొద్దున్నే అరచేతిలో కంచె పట్టుకుని వచ్చింది. "విప్పేశాను బాబాయ్. అందరిచేతా విప్పిస్తాను. ఎక్కడా లేకపోతే మళ్లీ కొత్తదే అవుతుంది కదా?"

నాకు నవ్వొచ్చింది. తాతయ్య నవ్వలేదు. కంచె తీసుకుని, స్క్రూడ్రైవరుతో వీధి దాటి, ఆవిడ మిషను ముందు కూర్చున్నాడు.

"ఇది లేకుండా కుట్టనిచ్చానంటే మీ పిన్ని నన్ను..." అని ఆగిపోయాడు. తల వంచుకుని కంచె బిగించబోయాడు. స్క్రూ ఎంతకీ గాడిలో పడలేదు. అత్త వంగి, ఆయన చేతిని తన చేత్తో కదలకుండా పట్టుకుంది.