క్యాలిపర్‌లో ఇత్తడి పొట్టు

2022 చలికాలం. అప్పుడు అబుదాబి శివార్లలోని ఒక షూటింగ్ క్లబ్ వర్క్‌షాప్‌లో పనిచేసేదాన్ని. అంతకుముందు బనియాస్‌లో ఇళ్లలో వంట చేసేదాన్ని. ఈ పని నేర్పింది జగిత్యాల శంకరన్న.

రైఫిల్ కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని కేస్ అంటారు. దాన్ని మళ్లీ నింపి వాడతారు. కాల్చిన ప్రతిసారీ అది కాస్త సాగుతుంది. నేను డిజిటల్ క్యాలిపర్‌తో పొడవు కొలిచి, ఎక్కువైతే మూతి కత్తిరించాలి. దీన్నే ట్రిమ్మింగ్ అంటారు. పొడవు మిగిలితే ఆ మూతి బుల్లెట్‌ను బిగించి పట్టేస్తుంది. లోపల ఒత్తిడి పెరిగి కాల్చేవాళ్లకే దెబ్బ తగలొచ్చు.

ఆ ఉదయం, మర్నాడు పోటీ ఉన్న ఒక ఎమిరాతీ అమ్మాయి కోసం వంద కేసులు కొలిచాను. శంకరన్న నింపడం మొదలుపెట్టి, మొదటి ఇరవై ప్రాక్టీసుకని ఆమెకు ఇచ్చేశాడు. నేను క్యాలిపర్ తుడిచి మూశాను. సున్నా రావాలి. మైనస్ 0.30 మిల్లీమీటర్లు చూపించింది.

పొద్దున సున్నా పెట్టినప్పుడు దాని దవడల మధ్య ఇత్తడి పొట్టు ఇరుక్కుని ఉండాలి. తర్వాత రాలిపోయింది. అక్కణ్నుంచి కొలిచిన ప్రతి కేసూ ఉన్నదానికన్నా పొట్టిగా కనబడి ఉంటుంది. కానీ ఎప్పుడు రాలింది? పదో కేసుకా, తొంభయ్యో కేసుకా? కూర్చోలేకపోయాను.

"అన్నా, ఆ తూటాలు ఆపాలండీ. నా కొలత తప్పయ్యుంటాది."

"అయ్యుంటదా, అయిందా? ముదీర్‌కు తెలిస్తే నీ నౌకరి ఖలాస్ అక్కా. ముందుగాల మిగిలినయి కొలువు, జర ఆగు."

ముదీర్ అంటే మా మేనేజర్. కానీ మిగిలినవి కొలిచేలోపు ఆమె ఇరవయ్యీ కాల్చేస్తుంది. తుపాకులు కాల్చే రేంజ్‌కు పరుగెత్తి, అక్కడి ఆఫీసర్‌కు చేతులూపాను. ఆయన కాల్పులు ఆపించాడు.

ఆ అమ్మాయి చెవుల కవచం తీసి హిందీలో అడిగింది: "క్యా హువా?"

చెప్పాను. ఆమె తన చేతిలోని రైఫిల్ వైపు చూసింది.

"ఆరు కాల్చాను. చివరిదానికి, తూటాను లోపలికి నెట్టే బోల్ట్ మూయడం కష్టమైంది. బలంగా నెట్టాను," అంది. మిగిలిన పద్నాలుగూ నా చేతిలో పోసింది.

సాయంత్రానికి అన్నీ మళ్లీ కొలిచాం. ఆ పద్నాలుగులో తొమ్మిది పొడవు ఎక్కువ. శంకరన్న నింపినవన్నీ విప్పేశాడు. ముదీర్ నెల రోజులు నన్ను క్యాలిపర్ ముట్టనివ్వలేదు, రేంజ్ ఊడ్పించాడు. ఆ అమ్మాయి మర్నాడు బయట కొన్న తూటాలతో పోటీకి వెళ్లింది, గెలవలేదు.

ఇప్పుడు పది కేసులకోసారి దవడలు తుడిచి సున్నా చూస్తాను. ఆ రోజు నేర్చుకున్నది మాత్రం వేరే: తప్పు రుజువయ్యేదాకా ఆగే తీరిక ఈ పనిలో లేదు. అనుమానం వచ్చిన క్షణమే నోరు విప్పాలి.